అమ్మ వంతు బిళ్ళలు

హలో… ఆ, ఒకటి నొక్కాన్రా, నొక్కాను… నేనే దెరీ, మీ అక్కని.

ఆ రికార్డు గొంతు ఉంది చూడు… ‘ఈ ఫోను జైలు నుంచి వస్తోంది, ప్రతి మాటా రికార్డవుతుంది, ఇష్టమైతే ఒకటి నొక్కండి’… పదకొండేళ్ళ నుంచీ ప్రతి గురువారం అదే పాట. ఇష్టం లేకపోతే నొక్కుతానా, దానికి తెలీదూ?

బాగున్నాలే. నువ్వు తిన్నావా?… మళ్ళీ ఆ బీన్సేనా?… పదిన్నరకే మధ్యాహ్నం కూడు పెడితే నాలుగింటికి పేగులు అరవవూ మరి.

పోయిన గురువారమా?…

ఎత్తలేదు. అవును. గాలివానరా ఇక్కడ. లైన్లు పోయాయి… లేదు, ఊరంతా కాదు, మన వీధి వరకే… మూడుసార్లు చేశావు, తెలుసు… అంటే, తర్వాత చూసుకున్నా ఫోన్లో… అబ్బ! నువ్వేమైనా పోలీసువా, ఇన్ని ఆరాలు తీస్తావు?

ఏంటా నవ్వు?… సరేలే, నీ ముందు ఆ మాట అనకూడదు. నోరు జారింది.

అమ్మా? ఉంది. ఎక్కడికి పోతుంది, ఇదిగో, బల్ల దగ్గరే కూర్చుంది. గొంతు పట్టేసిందిరా. మాట్లాడొద్దన్నాడు డాక్టరు… జలుబే, కంగారు పడకు… వారం నుంచీ. ఆటలో కేక మాత్రం వేస్తుందట. డాక్టరు కాదు కదా, పైనున్న దేవుడొచ్చి వద్దన్నా ఆ కేక మానదు, నీకు తెలుసుగా.

ఒక్క నిమిషం ఆగు. పొయ్యి మీద సూపు పొంగుతోంది. ఈలోగా నీ అక్షరాల బిళ్ళలు పరుచుకో… ఆ, ఉంటా. ఉంటా.

పిన్నీ! ఇలా రా. మ్యూట్‌లో పెట్టాలే, వాడికి వినపడదు.

కళ్ళు తుడుచుకో. ఏడిస్తే గొంతు మారిపోతుంది. అప్పచెల్లెళ్ళిద్దరిదీ ఒకటే గొంతని బ్రిస్టల్ ఊరంతా అంటారుగా, ఇవాళ ఒక్కపూట దాన్ని అక్కరకు రానీ. నేను మోచేత్తో పొడవగానే బల్ల మీద అరిచేత్తో ఒక్కటి చరిచి ‘తియ్యండ్రోయ్!’ అను. అంతే. ఇంకో ముక్క మాట్లాడకు.

… పాపమే. పాపమని నాకు మాత్రం తెలీదా? పోయిన మంగళవారం అమ్మ పోయింది, గురువారం మట్టిలో పెట్టి వచ్చాం, ఇవాళ ఆవిడ కుర్చీలో నిన్ను కూర్చోబెట్టి ఆవిడ కేక వేయిస్తున్నాను. ఇంతకన్నా పాపం ఏముంటుంది. కానీ చెప్పింది ఎవరు? ఆవిడేగా! నీ చెయ్యి పట్టుకునేగా చెప్పింది, శుక్రవారం పెరోల్ బోర్డు అయ్యేదాకా వాడికి తెలియనివ్వొద్దని.

… అది కాదు పిన్నీ. ఏడుస్తాడని కాదు. బోర్డు అడిగే మొదటి ప్రశ్నే అది… నిన్ను వదిలితే ఎక్కడుంటావు? వాడు ‘మా అమ్మ దగ్గర’ అనాలి. అమ్మ సంతకం పెట్టిన కాగితం వాళ్ళ చేతిలో ఉంది. అమ్మ లేదని తెలిస్తే వాడి నోట ఆ మాట రాదు. వాడికి అబద్ధం రాదు. వచ్చుంటే అసలు లోపలికి పోయేవాడే కాదు. తెలియకుండా అంటే, వాడి మటుకు వాడు నిజమే చెప్పినట్టు.

… తర్వాత సంగతి తర్వాత. ముందు వాళ్ళు సరే అననీ. ఇంకో చోటు వెతుక్కోవచ్చు… ఎక్కడా? నన్నడిగితే? మా ఇంట్లో కుదరదని నీకు తెలిసీ అడుగుతావే.

కూర్చో. ఆ పక్క కుర్చీ కాదు, అమ్మ కుర్చీ. ఇరవై ఒక్క బిళ్ళలు నీ ముందు పెట్టుకో. ఆడకపోయినా చప్పుడు వినపడాలి.

… ఆ, వచ్చాన్రా. పొయ్యంతా కంపు చేసింది. కేల్ ఆకుకూర, బంగాళదుంపలు, చొరీసు సాసేజి ముక్కలు… ఊరించడం కాదు, అడిగావని చెప్తున్నా. రేపు బోర్డు సరే అననీ, కుండ కుండంతా నీదే.

ఇంకా ఎన్ని నిమిషాలు?… పదహారా. చాలు, ఆట అయిపోతుంది. బిళ్ళలు లెక్కపెట్టావా? నూట నలభై నాలుగు?… ఒకటి తక్కువా? ఏది?… జె నా? తడిసి పీలికైపోయిందా. అటుకుల డబ్బా అట్ట కత్తిరించి చేసుకుంటే ఇన్నాళ్ళు రావడమే గొప్ప. పోనీలే. రేపయ్యాక నీకు అట్టముక్కలతో పనేంటి? ఈ బల్ల దగ్గర కూర్చుని అసలు బిళ్ళలతో ఆడదువుగాని. నాన్న చేసిన బల్ల, ఇప్పటికీ ఒక కాలు కుదురుగా…

ఆ, అంటున్నా, అంటున్నా! దేవుడు తన పక్కన ఉంచుకోనీ. సరిపోయిందా? అచ్చం అమ్మవే నువ్వు. పోయినవాళ్ళని తలుచుకుంటూ ఆ ముక్క అనకపోతే వాళ్ళు వెనక్కి తిరిగి చూస్తారట, దారి తప్పుతారట. చిన్నప్పుడు ఒకసారి అనడం మర్చిపోయానని గరిటె పెట్టి కొట్టింది. ఇప్పుడు దానంతటదే వస్తుంది, తుమ్మొస్తే చెయ్యి అడ్డం వచ్చినట్టు.

నీ వెనక ఎవరు గొణుగుతున్నారు?… ఫోను కోసమా?… ఎవరు, ముసలాయనా? ఏం ఆట అంటాడు?… నువ్వు చెప్పేది తప్పు, అలా కాదు. ఇలా చెప్పు. ఎవరి బిళ్ళలు వాళ్ళవి, ఒకరి వంతు కోసం ఒకరు ఆగేది లేదు. అడ్డంగా నిలువుగా మాటలు కట్టుకుంటూ పోవడమే. ఎవరి చేతిలోవి ముందయిపోతే వాళ్ళు ‘తియ్యండ్రోయ్’ అని అరుస్తారు, అందరూ సంచిలోంచి తలా ఒకటి తియ్యాలి. కట్టింది కూలగొట్టి మళ్ళీ కట్టు, మళ్ళీ అరుపు. సంచి ఖాళీ అయ్యాక చివరి బిళ్ళ ఎవరు పెడితే వాళ్ళు గెలిచినట్టు. తప్పు మాట ఉంటే మాత్రం కుళ్ళిపోయినట్టు, ఆటలోంచి అవుట్… ఆ, ఫోన్లో ఎలా ఆడతారు అన్నాడా?… మంచి ప్రశ్నే. నమ్మకం మీద అని చెప్పు. మాది నమ్మకం మీద ఆట.

సరే. పళ్ళెం మీద పరిచావా?… అన్నీ బోర్లా?… అమ్మా, కానిద్దామా? ఊఁ, తలూపుతోంది. ఒకటి, రెండు… తిప్పు!

అబ్బ, ఏం వచ్చాయిరా నాకు, అన్నీ అచ్చులే… నీకు? ‘వి’లు రెండా?… మాట్లాడుతూ ఆడు, లేకపోతే నువ్వు చూసి చూసి ఆడుతున్నావంటాను. ‘వల’ అని పెట్టా. దాని కింద… ఆగు… ‘ఓడ’ పెట్టా. వల, ఓడ, ఉప్పు. చేపల ఊళ్ళో పుట్టాక ఇంకేం వస్తాయి.

ఇంగ్లీషేనా అంటే, ఏదైనా సరే! ఈ బల్ల దగ్గర ఇంగ్లీషూ మన ఇంటి భాషా రెండూ చెల్లుతాయని అమ్మే పెట్టిందిగా రూలు. ముప్పయ్యేళ్ళు నూలుమిల్లులో చేసినా రాని ఇంగ్లీషు ఈ బిళ్ళలతో వచ్చింది ఆవిడకి. ఆ వచ్చిన నాలుగు ముక్కలతోనే మన ముక్కు కోస్తుంది…

— తియ్యండ్రోయ్!

కాదు, అది నేను కాదు… ఆ, అమ్మే. విన్నావా? గొంతు ఎలా బొంగురు పోయిందో… తీశావా? నేనూ తీశా… ఏం పలకవే?… ఆ, సరే. ఆడు.

… రెండు వచ్చాయా? చేతికి అంటుకుని?… ఎవడు చెప్పమన్నాడ్రా నిన్ను? నాకు కనపడుతుందా? గమ్మున కలిపేసుకుంటే పోయేదిగా!… లోపల వెయ్యి అయితే. వెయ్యి. నువ్వు ఈ జన్మకి బాగుపడవు.

రేపు తొమ్మిదింటికేగా? ఏం మాట్లాడాలో అనుకున్నావా?… చెప్పు, వింటూ ఆడతాను…

ఊఁ… ఊఁ… ‘కోపంతో తోశాను, తాగి లేను.’ అది అంత తేటగా చెప్పాలంటావా? కాస్త తాగి ఉన్నానంటే వాళ్ళు… సరే. సరే, నీ ఇష్టం. లేనప్పుడు లేననే చెప్పు… ‘ఓడకీ గట్టుకీ మధ్య పడతాడని అనుకోలేదు’… ఊఁ… ‘అర్లిందో నాతో పాటు పెరిగినవాడు.’ అవును. అది చెప్పు. అది మర్చిపోకు.

ఆ ఎక్కడుంటావంటే?…

‘మా అమ్మ దగ్గర. పెద్దదైపోయింది, మూడో అంతస్తు మెట్లు ఎక్కలేదు. సామాన్లు నేను మోస్తాను. ఆదివారం చర్చికి నేను దింపుతాను.’

… బాగుంది.

లేదురా, ఏం కాలేదు గొంతుకి. సూపులో మిరియం ఎక్కువైంది… బాగుంది, అలాగే చెప్పు. ఒక్క అక్షరం మార్చకు.

మీ బావా?… ఈసారి రాయలేదు. బోర్డుకి ఉత్తరం. నిజం. రెండుసార్లూ రాశాడుగా, ‘మా తమ్ముడు అర్లిందోని చంపినవాణ్ణి వదలొద్దు’ అని. ఈసారి అమ్మ మా ఇంటికొచ్చి అడిగింది. హాల్లో అర్లిందో ఫొటో ముందు నిలబడి అడిగింది, ‘అబీలియో, ఈ ఒక్కసారి కలం పట్టకు నాయనా’ అని. ఆయన అవుననలేదు, కాదనలేదు. బూట్లు వేసుకుని పడవ దగ్గరికి పోయాడు. కానీ రాయలేదు. నేను చూశాను… ఊహూఁ. అంతవరకే. నీ పేరు మా ఇంట్లో ఎత్తడానికి లేదు, అది అలాగే ఉంది. అంతకన్నా ఆయన్ని అడగలేను దెరీ. పోయింది ఆయన తోడబుట్టినవాడు… అడగట్లేదులే, తెలుసు నువ్వు అడగట్లేదని. నేనే చెప్తున్నా.

ఆడు, ఆడు. ఎన్ని నిమిషాలు?… తొమ్మిదా? మాటల్లో పెట్టి చంపేశావు నన్ను.

— తియ్యండ్రోయ్!

మళ్ళీ అమ్మే… ఏంటి, తొందరగా అయిందా?… ఏమో మరి, మంచి బిళ్ళలు పడుంటాయి… నేను ఆవిడవైపు చూడట్లేదు, నా గోల నాది. తీశావా?… ఏం వచ్చింది?… నాకు ఎక్స్. చచ్చాను.

‘నక్క’ పెట్టా, ఎక్స్ పోయింది! ఇంగ్లీషు నక్కే పనికొచ్చింది, హహ!… నువ్వు నవ్వవేం? ఇంకా రెండు ‘వి’లూ అలాగే ఉన్నాయా? ఒకటి తిరిగి సంచిలో పడేసి బదులు మూడు తీసుకోరాదూ?… అంత పౌరుషమైతే ఉంచుకో.

తియ్యి! ఈసారి నాది! తియ్యి తియ్యి… నీకేం పడింది?… క్యూనా! అయిపోయావు! యు ఉందా?… లేదా? హహ! పడేసెయ్ సంచిలో, పడేసి మూడు తీసుకో… ఏం, పడెయ్యవా? క్యూ ఎప్పుడూ అమ్మకే పడేది, దేవుడు తన పక్కన ఉంచుకోనీ, చచ్చినా సంచిలో వేసేది కాదు, పట్టుకుని కూర్చుని కూర్చుని దాంతోనే మన కొంప ముంచేది. నువ్వూ అదే రకం… తియ్యి! మళ్ళీ నాదే! రెండోది! తియ్యరా!

దెరీ?

తీశావా?

… ఏంటి చడీచప్పుడూ లేదు? హలో? కట్టయిందా?… ఉన్నావుగా. మరి తియ్యమంటే…

ఏమన్నాను?

క్యూ ఎప్పుడూ అమ్మకే పడేది అన్నా. అంతేగా… తర్వాతా? తర్వాత ఏమన్నాను?

…

…

నాన్న గురించి అన్నాన్రా. నాన్న మాట నోట్లో ఉండి… అలవాటు. చెప్పానుగా ఇందాకే, దానంతటదే… నాన్న కూడా క్యూ పడితే…

నాన్నకి చదువు రాదు. అవును. నాన్న ఎప్పుడూ ఆడలేదు.

… ఇస్తాను. ఇస్తాన్రా అమ్మకి, గొంతు బాలేదని చెప్తే వినవేం? ఒక్క మాట, ఒక్క మాట అంటావు. కేక వేసిందిగా, విన్నావుగా రెండుసార్లు…

ఏంటీ?

ఎర్మీనియా పిన్నికి ఇవ్వాలా?

…

చాలు పిన్నీ. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోనక్కర్లేదు. ఏడువు. వాడికి తెలిసిపోయింది.

… ఎప్పుడు తెలిసింది నీకు?… మొదటి కేకకేనా?… ఏం, గొంతు ఒకటేగా ఇద్దరిదీ…

ముందు చరిచి తర్వాత అరిచింది. అమ్మ ముందు అరిచి తర్వాత చరుస్తుంది.

… అవున్రా. అవును. బిళ్ళ పెడుతూ పెడుతూనే అరిచేది, తర్వాత కొట్టేది. పిన్ని తప్పు కాదు. నేనే అలా చెప్పాను. పట్టుమని పది రోజులు కాలేదు దెరీ, అప్పుడే తిరగేసి చెప్పాను నేను.

మరి మొదట్లోనే తెలిస్తే ఎందుకూరుకున్నావు? బోర్డులో చెప్పేదంతా ఒప్పజెప్పావు, చర్చికి దింపుతానన్నావు, సామాన్లు మోస్తానన్నావు…

… ఊఁ.

… నేను అననంతవరకు నీకు తెలియనట్టే అనుకున్నావు. కేక వేరుగా ఉందంతే, గొంతు బాలేదేమో అనుకుందామనుకున్నావు. రేపు తొమ్మిదింటిదాకా అలాగే అనుకునేవాడివి.

నేనే అనేశాను.

ఆ ముక్క అనకుండా ఉంటే… నా నాలుక కాల్చెయ్య. పదకొండేళ్ళు కాచుకుని, ఇంకొక్క పూట ఉందనగా… ఆట పరుగులో పడి… ఏం ఆటరా ఇది, ఆలోచించనివ్వదు కదా మనిషిని…

మంగళవారం. పోయిన మంగళవారం పొద్దున… గుండె. తెలివితోనే ఉంది చివరిదాకా. నీకు చెప్పొద్దని ఆవిడే అంది… నువ్వు ఇక్కడికొచ్చాక, ఈ మెట్లెక్కి వచ్చాక చెప్పమంది… లేదు, వేరే ఏం అనలేదు. అనలేకపోయింది. నీ పేరు అంది. అదే ఆఖరు.

గురువారం. నువ్వు ఫోను చేసినప్పుడు మేం శ్మశానంలోనే ఉన్నాం. నా కోటు జేబులో మోగింది. మూడుసార్లు. ఫాదరు ఆగి చూశాడు కూడా… నీలం గౌను. పరిశుద్ధాత్మ పండక్కి వేసుకునేది… ఐదుగురే మోశారు. ఆరుగురు మొయ్యాలిగా. ఎడమవైపు వెనక చోటు నీదని వదిలెయ్యమన్నాను, వదిలేశారు. పెట్టె అటు ఒరిగింది కొంచెం… మీ బావ ముందు పట్టాడు. అవును, ఆయనే. ఏం మాట్లాడకుండా వచ్చి పట్టాడు.

నాలుగు నిమిషాలే ఉన్నాయా?… దెరీ, విను. రేపు నువ్వు అదే చెప్పు. ఒక్క మాట మార్చకు. అమ్మ దగ్గర అని చెప్పు…

తెలుసు. రికార్డవుతోంది. తెలుసురా, ఎవడు వింటాడో విననీ!… అది కాదా? మరేంటి?

… చెప్పలేవు. ఊఁ. నోరు రాదు.

ఆ రోజు కూడా ఇంతే. గట్టు మీద ఒక్కడు చూడలేదు నిన్ను. కాలు జారి పడ్డాడు అంటే సరిపోయేది. అమ్మ కూడా అంది ఆ మాట, తల్లై ఉండి అంది, ఊరుకో నాయనా అని. ఊరుకున్నావా? తడిబట్టలతో నడుచుకుంటూ పోలీసు స్టేషనుకి పోయావు. నిన్ను కన్నందుకు ఆవిడ గర్వపడిందో ఏడ్చిందో పదకొండేళ్ళయినా నాకు తెలియలేదు… రెండూనా? అంతేనేమో.

ఎవర్రా అది, మళ్ళీ ఆ ముసలాయనేనా?… ఆగమను. ఇంకా టైముందని చెప్పు.

ఈ అద్దె ఇల్లు నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. అమ్మ పేరు మీదుంది… సామాన్లు పిన్ని కొన్ని తీసుకుంటుంది. పిన్ని దగ్గర కూడా కుదరదురా, అది ముసలాళ్ళకిచ్చే గది, జైలు నుంచి వచ్చినవాళ్ళని ఉండనివ్వరు, అడిగి చూశాం… అవును, అడిగాం. అమ్మ పోయిన మర్నాడే అడిగాం. ఏం అనుకున్నావు, చేతులు ముడుచుకు కూర్చున్నాననుకున్నావా?… ఈ బల్లా? బల్ల ఏమవుతుందో నాకు తెలీదు. మా ఇంట్లో చోటు లేదు.

వెళ్ళు రేపు. ఏదో ఒకటి చెప్పు, కానీ వెళ్ళు. వెళ్ళకుండా గదిలో పడుకోకు… పడుకుంటే మళ్ళీ నాలుగేళ్ళదాకా పిలవరు. నాలుగేళ్ళకి నీకు యాభై దాటతాయి. వింటున్నావా?… ఎవరి కోసం అంటావు. నాకు తెలీదు ఎవరి కోసమో. నా కోసం అనుకో… ఎందుకు నవ్వుతావు? అది నవ్వు కాదా?

ఆ. విన్నాను. ఒక్క నిమిషమంది ఆ గొంతు. చెప్పు తొందరగా.

ఏంటి?

… నా అడ్రసా?

…

వింటున్నా. వింటున్నాన్రా. ‘మా అక్క దగ్గర’ అని చెప్పనా అంటున్నావు.

…

మా హాల్లో ఎవరి ఫొటో ఉందో నీకు తెలుసుగా… దాని ముందు రోజూ దీపం పెట్టేది నేనే, దెరీ. ఆయన పెట్టడు. పెట్టలేడు. నేనే పెడతాను…

ఇవాళ అడుగుతాను ఆయన్ని. ఇంటికెళ్ళగానే… అవును, అడిగితే మాత్రం నీకెలా తెలుస్తుంది. అటు ఫోను చెయ్యడానికి ఉండదు, నువ్వు చేసేది వచ్చే గురువారమే. ఇప్పుడే చెప్పాలి. తెలుసు…

నేను ఊఁ అంటే చాలు. నీకది నిజమైపోతుంది, రేపు తలెత్తి చెప్తావు. తెలుసురా, నాకు తెలుసు, ఆగు… ఒక్క క్షణం ఆగు, నన్ను కొంచెం…

… దెరీ?

హలో?

హలో!

…

కట్టయింది పిన్నీ.

… లేదు. మళ్ళీ రాదు. ఇరవై నిమిషాలయితే అంతే, ఆ ముసలాయన వంతు ఇప్పుడు.

ఏమడిగాడా? విన్నావుగా. మా ఇంటి అడ్రసు అడిగాడు.

… ఊఁ అనేదాన్నేనా అంటే… నోరు తెరిచాను. నువ్వు ఇటే చూస్తున్నావుగా, చెప్పు, తెరిచానా లేదా?… అవును. తెరిచాను.

తెరిచాను, అంతే. ఏం వచ్చేదో నాకూ తెలీదు.

… ఏడవకు. ఐదింటికి అబీలియో వస్తాడు నన్ను తీసుకెళ్ళడానికి, ఈలోగా ఇదంతా తీసెయ్యాలి. అమ్మ వంతు బిళ్ళలు సంచిలో పొయ్యి… వద్దు, తిప్పి చూడకు. వాటిలో ఏ మాటలొచ్చేవో ఇప్పుడు చూసి ఏం చేస్తాం. పొయ్యి. నావి కూడా.

ఏంటి?… ఫోనా?

ఇంకా చెవి దగ్గరే ఉందా?

పెట్టేస్తాలే… పెట్టేస్తాను పిన్నీ, ఉండు.